ఇంటికి దగిన పేలాల పాత్ర



ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు పేలాలను విసరి, బెల్లము కలిపి పేలపిండి తినుట తెలుగువారి యాచారము. వివాహమున వధువు లాజహోమము చేయునది వరిపేలాలతోడనే. జ్వరము తగ్గినవానికి పేలాల జావ పథ్యమని మన వైద్యము చెప్పును. అట్టి పేలాలే మొక్కజొన్న రూపమున నేడు 'పాప్‌కార్న్' అను పేర నంగళ్ల కెక్కినవి. దానిని వేయించు యంత్రము కొనుమని పట్టణములనుండి వచ్చిన మనుమలు వేడుచున్నారు. ఏది కొనవలెనో నిర్ణయించుటకు ముందు గింజ యేల పేలునో యెఱుగవలెను.

మంచి గింజలో నూటికి సుమారు 14 పాళ్లు తేమ యుండును. పైపొట్టు గట్టిగా నుండును. వేడి తగులగా లోని తేమ ఆవిరియై, వెలుపలికి దారి లేక పొట్టును నెట్టును. సుమారు 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి పొట్టు పగిలి, లోని పిండి నురుగువలె పొంగి గట్టిపడును. తేమ తగ్గినను, పొట్టు చిట్లినను గింజ పేలదు. కోళ్లమేతకై పండించు మొక్కజొన్నకు లోని పిండి మెత్తన గనుక నది చక్కగా పేలదు. చిన్నవై గట్టివైన ప్రత్యేకజాతి గింజలే కావలెను. మఱియొక హెచ్చరిక: విత్తనపు సంచులలోని గింజలకు మందు పట్టించి రంగు పూయుదురు. వానిని కడిగియైనను వేయింపరాదు. అవి యాహారము కావు.

మన పూర్వులు మంగలమున ఇసుక కాచి, గింజలు పోసి, కలియబెట్టి, పేలినవానిని జల్లించుకొనెడివారు. ఇసుక గింజను నలువైపుల జుట్టి సమముగా వేడి నిచ్చును. నేటి విద్యుద్యంత్రమున నా పనిని వేడిగాలి చేయును, నూనె యక్కఱలేదు. కాని యా గాలి తేలిక గింజల నెగురగొట్టును. మొక్కజొన్న నిలుచును, జొన్నలు చిన్నవి గనుక పేలకముందే వెలుపల బడును. కావున ఏకాదశికి జొన్నపేలాలు చేయువారి కీ యంత్ర ముపకరింపదు.

రెండవది, మూతయు, గింజలను త్రిప్పెడి పిడియు గల పాత్ర. 1893లో చికాగో మహాప్రదర్శనమున చార్లెస్ క్రెటర్స్ అను నతడు ఆవిరియంత్రముతో నడచు పేలాల బండిని ప్రదర్శించెను. గింజ యొకచోట నిలిచి మాడక, కదలుచు సమముగా వేగవలె ననునదే యిందును సూత్రము. కొనునప్పుడు అడుగు దళసరిగా నున్నదా, మూతకు ఆవిరి పోవు రంధ్రము లున్నవా యని చూడుడు. ఆవిరి పోనిచో పేలాలు మెత్తబడును. అంటుకొనని పూత గల పాత్రను వట్టిగా పొయ్యిమీద నుంచరాదు. మితిమీరిన వేడికి పూత చెడి పొగలు వెడలును. మన సముద్రపు గాలికి ఇనుము త్వరగా త్రుప్పు పట్టును గనుక, ఇనుప పాత్రను కడిగి తుడిచి నూనె రాయవలెను.

యంత్రమే కావలెనన్నచో కరెంటు ఖర్చునకు జంకనక్కఱలేదు. 1200 వాట్ల యంత్రము మూడు నిమిషములు నడచిన, యూనిట్టులో నూఱింట ఆఱు పాళ్లు మాత్రమే యగును. జంకవలసినది పాత తీగెలకు. అట్టి యంత్రము 5 ఆంపియర్లకు మించి లాగును; 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గునకు మిగులు కొంచెమే. పెద్ద ప్లగ్గున బెట్టుట మేలు.

ఏ పాత్ర కొన్నను గింజలను బిగుతు మూత గల డబ్బాలో దాచుడు. వానకాలపు చెమ్మ తగిలిన గింజయు, మిక్కిలి యెండిన గింజయు రెండును సరిగా పేలవు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. నాలుగేండ్లు నిండని పసివారికి పేలాలు పెట్టరాదని వైద్యులు హెచ్చరించుచున్నారు. అవి శ్వాసమార్గమున జిక్కి ప్రాణము తీయవచ్చును. ముద్దుగా నోట బెట్టు తాతల చేతినుండియే యీ యాపద రాగలదు. వారికి పలుచని జావ చాలును. పండ్లు కదలు వృద్ధులకు పేలని గింజలను జల్లించి తీసి యొసగవలెను.

జొన్నలు, మొక్కజొన్నలు రెండును వేయించు ఇంటికి త్రిప్పుడు పాత్రయే తగినదని నా యభిప్రాయము. నూనె వలదని వైద్యులు చెప్పినవారును, మొక్కజొన్న మాత్రమే చాలునన్నవారును గాలియంత్రము కొనవచ్చును. అంగడివాని మాట కంటె మీ యింటి గింజ మాట వినుడు. సెలవు.