వినే మనిషి జీతం ఎవరిస్తారు?



కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో యువతుల మానసిక ఆరోగ్యం కోసం పనిచేద్దామని నిధులడిగితే మొదటి ప్రశ్న 'ఎంతమందికి?' అనే. సిరిసిల్లలో బీడీలు చుట్టే అమ్మాయి పదిసార్లు వస్తుంది, మూడోసారికి గానీ నోరు విప్పదు. నివేదికలో మాత్రం ఆమె 'ఒకరు'. ఉట్నూరు గూడేల నుంచి వచ్చే గోండు పిల్లకు గోండీలో వినే మనిషి కావాలి, బస్సు ఛార్జీ కావాలి. అవి ఏ పద్దులో రాయాలి?

ప్రభుత్వం నడిపే మానసిక వైద్య సేవలు పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం చెబుతోంది. 2022లో వచ్చిన టెలీ మానస్ నంబరు 14416 కూడా మంచిదే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న జేబులోనో, మొగుడి జేబులోనో ఉంటే?

విదేశీ నిధుల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. నగరంలోని పెద్ద సంస్థల ద్వారా చిన్న సంఘాలకు డబ్బు చేరే దారి మూసుకుపోయింది.

అయితే మన గుమ్మం ముందే సింగరేణి ఉంది, రామగుండంలో ఎన్‌టీపీసీ ఉంది. పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలని, చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలని 2013 కంపెనీల చట్టం అంటోంది. ఆ పనుల్లో ఆరోగ్యమూ ఉంది. గది కట్టించి శిలాఫలకం వేయడం కంపెనీలకు తేలిక. మనం అడగాల్సింది ఆ గదిలో కూర్చుని వినే మనిషికి మూడేళ్లకు తగ్గని జీతం. 'ఎంతమంది' పక్కన 'ఎన్నిసార్లు' అనే గడి కూడా మనమే గీసి, దరఖాస్తు పంపుదాం.