వల ఎత్తిన పిట్టలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘మరచిపోలేని పాఠం’ గురించి పది నిమిషాలు మాట్లాడమని సంఘం వారు కబురు పెట్టారు. శ్రీహరికోట వాడు, పైగా ఇంజనీరు, రాకెట్ల గురించి చెబుతాడులే అనుకొని ఉంటారు. రాకెట్టు కూడా వస్తుంది. ముందు మాత్రం ఒక బొమ్మల సినిమా.

పేరు చెప్పగానే మీలో సగం మంది పాడడం మొదలుపెడతారని తెలుసు, కాస్త ఆగండి. ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’. 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసింది. నిడివి ఏడు నిమిషాలు. మన తరం వాళ్ళు దీన్ని దూరదర్శన్‌లో ఎన్నిసార్లు చూశారో లెక్క ఉండదు. మద్రాసు కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. 1982లో ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమాలు మొదలయ్యాక హిందీ కూడా మన ఇళ్ళలోకి వచ్చింది. పులికాట్ మీది గాలికి ఏంటెనా తిరిగిపోతే మిద్దెక్కి ఒకడు తిప్పాలి, కింద నుంచి ఇంకొకడు ‘వచ్చింది, పోయింది’ అని అరవాలి. ఏంటెనా దారికొచ్చేసరికి ఏ కార్యక్రమమైనా సగం అయిపోయేది. ఈ సినిమా మాత్రం ఏ సందులో పడితే ఆ సందులో వేసేవారు కనుక ఎప్పుడో ఒకప్పుడు మొత్తం చూసేశాం.

అందులో ఒక పిల్లవాడు ‘అనేక్’ అంటే ఏమిటని అక్కను అడుగుతాడు. మాకు నవ్వొచ్చేది. హిందీ ముక్క రాని మాకే ‘అనేకం’ తెలుసు, ఆ హిందీ పిల్లోడికి తెలియదా అని. అక్క ఓపిగ్గా సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ చుక్కలనూ చూపించి చెబుతుంది. తర్వాత పిట్టల కథ చెబుతుంది. వేటగాడు వల పన్నుతాడు, గింజలకు ఆశపడి పిట్టలు చిక్కుకుంటాయి, అన్నీ ఒక్కసారిగా రెక్కలాడించి వలతో సహా ఎగిరిపోతాయి, స్నేహితులైన ఎలకలు వల కొరికి విడిపిస్తాయి. కథ విన్న పిల్లలు కలిసికట్టుగా ఉపాయం చేసి మామిడికాయలు కోసుకుంటారు. ఆ తర్వాతే మీరు పాడబోయిన పాట.

ఈ సినిమా వెనక ఉన్నవాళ్ళ గురించి నాకు పెద్దయ్యాక తెలిసింది. దర్శకురాలు విజయా ములే. సత్యజిత్ రాయ్ అధ్యక్షుడుగా 1959లో దేశంలోని ఫిల్మ్ సొసైటీలు ఒక సమాఖ్యగా ఏర్పడినప్పుడు పనిచేసిన ముఖ్యుల్లో ఆమె ఒకరు. 2019లో కన్నుమూశారు. బొమ్మలు భీంసేన్‌వి. తర్వాత 1977లో ‘ఘరోందా’ తీసింది ఆయనే. సంగీతం వసంత్ దేశాయ్. పాడిన చిన్నపిల్ల ఎవరనుకున్నారు? తెలుగులో మనకు అన్ని పాటలు పాడిన సాధనా సర్గమ్.

లెక్క వేయడం మా జబ్బు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాలంటే పదివేల ఫ్రేములు దాటుతాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా ఐదువేల బొమ్మలు. కంప్యూటర్ లేని రోజుల్లో అంతా చేతి పని. ఈసప్ కథల మీద ఇలాంటి చిత్రాలు అంతకు ముందూ ఉన్నాయి. తాబేలు, కుందేలు కథను డిస్నీ వాళ్ళు తీసి ఆస్కార్ అందుకున్నారు. మన ఫిల్మ్స్ డివిజన్ కూడా 1957లో జాతక కథతో ‘ది బనియన్ డీర్’ తీసింది. అవి అందంగా ఉంటాయి. మనసులో నిలిచింది మాత్రం ఈ పిట్టలే.

మన ఊరికి సంబంధించిన సంగతి ఒకటుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, అమెరికా వారి ఉపగ్రహాన్ని వాడుకొని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు టీవీ పాఠాలు పంపింది. ‘సైట్’ అనేవారు. నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. ఆ పల్లె పిల్లల కోసం చిత్రాలు తయారుచేసిన విద్యా సాంకేతిక కేంద్రానికి అప్పుడు పెద్ద విజయా ములేనే. ఆకాశంలోకి పంపే పనీ, పిల్లలకు కథ చెప్పే పనీ అంత దగ్గరగా ఉండేవి ఆ రోజుల్లో.

ఇక అసలు కథకు వస్తాను. ఈ పిట్టలు మనకు టీవీ కన్నా ముందే తెలుసు. పరవస్తు చిన్నయసూరి 1853లో అచ్చువేసిన ‘నీతిచంద్రిక’లో మిత్రలాభం మొదట్లోనే ఉన్నాయి. పిచ్చుకలు కావు, పావురాలు. మన తెలుగు మాస్టారు ఆ గ్రాంథికాన్ని విడగొట్టి, పులికాట్ పక్షులను మధ్యలోకి తెచ్చి చెప్పిన తీరు ఇక్కడున్న చాలామందికి గుర్తుండాలి.

సూరి కథలో ఉన్నవి, సినిమాలో లేనివి రెండు మూడున్నాయి. జనం లేని అడవిలో నూకలు ఎక్కడివి, జాగ్రత్త అని చిత్రగ్రీవుడు ముందే హెచ్చరిస్తాడు. ఒక ముసలి పావురం ఆ మాట కొట్టిపారేస్తుంది. అన్నీ దిగుతాయి, చిక్కుతాయి. చిక్కాక అందరూ ఆ ముసలిదాన్ని తిట్టడం మొదలుపెడతారు. చిత్రగ్రీవుడు ఆపుతాడు. ఇది నిందలకు సమయం కాదు, తప్పించుకొనే దారి చూద్దాం అంటాడు. అప్పుడు గానీ వల లేవదు.

అయిదేళ్ళ పిల్లలకు ఏడు నిమిషాల్లో ఇదంతా చెప్పలేరు, వదిలేయడం సబబే. కానీ ఉద్యోగంలో చేరినవాడికి కావలసింది ఈ వదిలేసిన భాగమే. తలా ఒక దిక్కుకు లాగితే బలాలన్నీ కలిసి సున్నా అవుతాయని పదకొండో తరగతి భౌతికశాస్త్రం చెబుతుంది. తిట్టుకుంటున్నవాళ్ళను ఒక దిక్కుకు ఎలా తిప్పాలో ఏ శాస్త్రమూ చెప్పదు.

1979 ఆగస్టు 10. ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం ఇక్కడి నుంచే. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ఆపమంది. నిపుణులు ఫరవాలేదన్నారు, ఆయన కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగించారు. నూకల కథే. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు విలేఖరుల ముందుకు వెళ్ళింది సతీష్ ధవన్. వైఫల్యం బాధ్యత సంస్థ అధ్యక్షుడిగా తన మీద వేసుకున్నారు, మా వాళ్ళు మళ్ళీ చేసి చూపిస్తారన్నారు. 1980 జూలై 18న రోహిణి కక్ష్యలోకి చేరాక విలేఖరుల దగ్గరికి కలాంను పంపారు. ఇది కలాం గారే ఎన్నో సభల్లో చెప్పుకున్న సంగతి. ఇందులో హెచ్చరిక ఒకరిది, భుజం ఇంకొకరిది. కథతో అచ్చంగా సరిపోదు, సరిపోవాలనీ లేదు.

రెండోది ఎలక దగ్గర. హిరణ్యకుడు తన మిత్రుడి తాళ్ళు ముందు కొరకబోతాడు. నా వాళ్ళవి ముందు కొరుకు అంటాడు చిత్రగ్రీవుడు. నా పళ్ళు మెత్తన, అరిగిపోయేలోపు నీవి కోస్తాను, ఓపికుంటే మిగిలినవాళ్ళవి చూద్దాం అంటాడు ఎలక. ఒప్పుకోడు. చాలీచాలని పళ్ళతో ఎవరి తాడు ముందు తెంపాలి అన్నది ప్రతి సంఘానికీ వచ్చే ప్రశ్నే. దాని దగ్గరికి వస్తున్నాను.

మా తరగతిలో సరస్సు ఒడ్డు గూడెం నుంచి ఒకడు వచ్చేవాడు. యానాదుల పిల్లోడు. రాకెట్లు రాక మునుపు ఈ దీవి అడవిలో తేనె, వేర్లు, మూలికలు తెచ్చుకొని బతికినవాళ్ళు వాళ్ళు. హిరణ్యకుడి కన్నానికి నూరు వాకిళ్ళు అని మాస్టారు చెప్పగానే క్లాసంతా నవ్వితే వాడొక్కడే తలూపాడు. “నిజమే సార్. ఎలక కన్నానికి దారులు శానా ఉంటాయి. అన్నీ మూసి తవ్వాల, లేకుంటే పోతది. లోపల వడ్లు కూడా దొరుకుతాయి” అన్నాడు. పుస్తకంలో ఉన్నది నిజమని చెప్పగలిగిన విద్యార్థి ఆ రోజు వాడే. పాఠం అయ్యాక మళ్ళీ లేచాడు. “సార్, వల కూడా పోయింది గదా, ఆ దినం ఆ వేటగాడింట్లో ఏం వండుకొన్నారు సార్?”

మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అది సూరిగారు రాయలేదు నాయనా, అడగాల్సిన ప్రశ్నే” అన్నారు.

వాడు ఎనిమిదితో ఆగిపోయాడు. పొద్దున నడిచి రావాలి, సాయంత్రం నడిచి పోవాలి, ఇంట్లో ఇంకో రెండు చేతులు కూలికి కావాలి. బెంచీ మీద వాడి చోటు ఖాళీ అయిన వారం కూడా మేము ‘మనమంతా ఒక్కటే’ పాట పాడుతూనే ఉన్నాం. ఆ సినిమాలో నాకు తర్వాత్తర్వాత ముల్లులా గుచ్చుకున్నది ఇదొక్కటే. వలలో ఉన్నవాళ్ళు ఒక్కటి. వల వెలుపల ఉన్నవాడి సంగతి?

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలని కార్యవర్గం ప్రతిపాదన. నమూనా చూశాను, బాగుంది. డిజైన్ లెక్కలు ఉచితంగా చేసిపెడతాననీ మాటిచ్చాను, ఆ మాట మీదే ఉన్నాను. అయితే సరస్సు ఒడ్డు పల్లెల నుంచి ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలకు ఒక వ్యాను, సాయంత్రం చదువుకొనే చోటు, కాస్త తిండి ముందు ఏర్పాటు చేసి, మిగిలినదాంతో ఆర్చి కట్టుకుందాం అంటున్నాను. మిగలకపోతే ఇనప బోర్డు పెట్టుకుందాం. ఒక్క ఏడాదికి కాదు, కనీసం అయిదేళ్ళకు లెక్క వేసి కాగితం కోశాధికారి గారికి ఇచ్చాను. ఇది నచ్చనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ వాదనలోనూ పస ఉంది. బడికి ముఖం కూడా కావాలి. ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం. ఎవరినీ తిట్టుకోకుండా.

అన్నట్టు, భోజనాలయ్యాక ఆరో తరగతి గదిలో ఆ సినిమా వేస్తున్నాం. శబ్దం కొంచెం గరగరలాడుతుంది. ముందు బెంచీలు పిల్లలకు వదిలేయండి, మనం వెనక నిలబడదాం.