తేనెకు పువ్వే పేరు



మేము హాస్టల్ చూసుకునేవాళ్లం. సెలవులయ్యాక పిల్లలు నల్లమల చెంచు పెంటల నుంచి తేనె తెస్తారు. తాళ్లు వేసుకుని కొండచరియ దిగి తీసిన పెద్ద తేనె ఒక సీసా, పొదల్లో దొరికిన జుంటి తేనె ఇంకో సీసా. రంగు వేరు, రుచి వేరు. వేప పూసే రోజుల్లో తీసినదానికి చిరుచేదు.

ఇథియోపియాలో తేనె, నీళ్లు, గెషో ఆకులు కలిపి పులియబెట్టి ‘తేజ్’ అనే పానీయం చేస్తారు. పులిసేకొద్దీ తీపి తగ్గి మద్యమవుతుంది. పువ్వు వాసన, చేదు మిగులుతాయి. తేనె ఎలాంటిదో అక్కడ దాగదు.

మనకూ ఇందులో పాఠముంది. మైనం మూత పడని పట్టు పిండితే తేనెలో నీరెక్కువ. డబ్బాలోనే పొంగి పులుస్తుంది, ధర పడిపోతుంది. ప్రాణాలకు తెగించిన కష్టం వృథా. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే పువ్వు పేరూ పోతుంది.

పిల్లలూ, ఈసారి తాతను అడగండి: ఇది ఏ పువ్వు తేనె? ఏ నెలలో తీశావు? ఈగ పిల్లలున్న పట్టు ఎందుకు వదిలేశావు? చెప్పింది రాసి తెండి. ఆ నోటుపుస్తకాన్ని మన హాస్టల్ లైబ్రరీలో అందరికీ కనబడేచోట పెడతాం.