ముట్టు ఆగాక గుండె జాగ్రత్త



గుండెపోటు అనగానే అందరికీ మగవాళ్ళే గుర్తొస్తారు. ఆడమనిషి గుండెలో నొప్పి అంటే "గ్యాసు పట్టి ఉంటుంది, కాస్త వాము నమలు" అంటారు. అది పొరపాటు. ఆడవాళ్ళకీ గుండెపోటు వస్తుంది. కాకపోతే మగవాళ్ళ కంటే సుమారు పదేళ్ళు ఆలస్యంగా వస్తుంది. ఎందుకని? ఈ పూట ముచ్చట అదే.

గుండెకి కూడా రక్తం కావాలి. చేనుకి కాలువ ఉన్నట్టే గుండె కండకి రక్తనాళాలు ఉన్నాయి. కాలువలో పూడిక చేరితే ఏమవుతుంది? నీళ్ళు తగ్గిపోతాయి. చివరి చేను ఎండిపోతుంది. రక్తనాళాల్లోనూ అంతే. వాటి గోడల్లో కొవ్వు కొంచెం కొంచెంగా చేరుతుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. ఏళ్ళ తరబడి జరుగుతుంది. ఒకనాడు ఆ కొవ్వు మీది పొర చిట్లుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అదే గుండెపోటు. మెదడుకి పోయే నాళం మూసుకుపోతే పక్షవాతం.

ఆడవాళ్ళ పొత్తికడుపులో గర్భసంచికి అటూ ఇటూ రెండు అండాశయాలు ఉంటాయి. అవి ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ని తయారుచేస్తాయి. నెలనెలా ముట్టు రావడానికి ఇది కావాలి. దీనికి ఇంకో పని కూడా ఉంది. ఇది రక్తనాళాలను మెత్తగా, సాగేలా ఉంచుతుంది. రక్తంలోని చెడ్డ కొవ్వుని కాలేయం లాగేసుకునేలా చేస్తుంది. మంచి కొవ్వుని పెంచుతుంది. అందుకే వయసులో ఉన్నప్పుడు ఆడవాళ్ళ రక్తనాళాల్లో పూడిక నెమ్మదిగా చేరుతుంది.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరుంది. అక్కడ 1948లో డాక్టర్లు గుండెజబ్బుల మీద పరిశీలన మొదలుపెట్టారు. 2,873 మంది ఆడవాళ్ళని 24 ఏళ్ళ పాటు గమనించారు. ఆ సంగతులు 1976లో అచ్చయ్యాయి. ముట్టు వస్తున్న ఆడవాళ్ళలో ఒక్కరికీ గుండెపోటు రాలేదు. ముట్టు ఆగిన వాళ్ళలో వచ్చింది.

అలాగని వయసులో ఉన్నవాళ్ళకి అసలు రాదని ధీమాగా ఉండకూడదు. షుగరు జబ్బు ఉంటే ఈ రక్షణ చాలావరకు పోతుంది. పొగ తాగితే ముట్టు ఒకటి రెండేళ్ళు ముందే ఆగిపోతుంది, నాళాలూ పాడవుతాయి. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ తాగుతారు. నిప్పు నోట్లో ఉన్నా, బయట ఉన్నా పొగ పొగే.

మామూలుగా 45 నుంచి 50 ఏళ్ళ మధ్య ముట్టు ఆగుతుంది. ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది. చెడ్డ కొవ్వు పెరుగుతుంది. బీపీ కూడా పెరుగుతూ వస్తుంది.

మరి చిన్న వయసులోనే ఆగిపోతే?

ఇక్కడ ఒక పెద్ద సంగతి ఉంది. 2015-16లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. తెలంగాణలో సుమారు 8 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే!

"పిల్లలు పుట్టేశారు, ఇంక ఆ సంచి ఎందుకు? తీసేస్తే పీడ పోతుంది" అనుకుంటారు. కానీ గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. కొన్నిసార్లు సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తారు. అప్పుడు ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గాల్సిన హార్మోన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది. ముప్పై అయిదేళ్ళకే ఇలా జరిగితే గుండెజబ్బు ముప్పు ముందే మొదలవుతుంది. ఎముకలు కూడా గుల్లబారతాయి. క్యాన్సరు లాంటి జబ్బుల్లో ఈ ఆపరేషన్ తప్పదు. తెల్లబట్టకీ, నడుంనొప్పికీ ఇది మందు కాదు.

అందుకే ఆపరేషన్ అనగానే డాక్టరుని మూడు మాటలు అడగండి. మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీస్తే తర్వాత ఏ మందులు వాడాలి? వేలిముద్ర వేసే రోజులు పోయాయి. చదువు వచ్చింది కదా! సంతకం పెట్టే ముందు కాగితం చదవండి. ఆస్పత్రి చీటీ దాచుకోండి.

అయితే హార్మోన్ మాత్రలు మింగితే సరిపోతుందా? అమెరికాలో ముట్టు ఆగిన 16,608 మంది మీద పరీక్ష చేశారు. కొందరికి ఈస్ట్రోజన్‌తో పాటు ఇంకో హార్మోన్ ఇచ్చారు. గుండెపోటు తగ్గలేదు. రొమ్ము క్యాన్సరు, పక్షవాతం పెరిగాయి. 2002లో ఆ పరీక్ష ఆపేశారు. కాబట్టి గుండె కోసమని ఈ మాత్రలు వాడకూడదు. చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి డాక్టరు పరీక్ష చేసి, అవసరమైతే యాభై ఏళ్ళ దాకా ఇస్తారు. సొంతంగా కొనుక్కోవద్దు.

మరి ఏం చెయ్యాలి? బీపీ, షుగరు చూపించుకోండి. కడుపుతో ఉన్నప్పుడు ఇవి వచ్చినవాళ్ళు తప్పకుండా చూపించుకోవాలి. ఉప్పు, ఊరగాయ, అప్పడాలు తగ్గించండి. కాగిన నూనె మళ్ళీ మళ్ళీ కాచవద్దు. రోజూ అరగంట వడివడిగా నడవండి. చుట్ట, బీడీ మానండి.

గుండెలో బరువు, ఎడమ చెయ్యి, దవడ, వీపు లాగడం, ఆయాసం, చల్లని చెమటలు, వాంతి వచ్చినట్టుండటం గుండెపోటు గుర్తులు. ఆడవాళ్ళలో కొందరికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉంటాయి. ఇంటిపని అయ్యాక చూద్దాంలే అనుకోకండి. వెంటనే 108కి ఫోను చేయించండి. నాళం తొందరగా తెరిస్తే గుండె కండ దక్కుతుంది, ప్రాణం దక్కుతుంది.

చర్చించండి

1. మీ ఊళ్ళో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు ఎంతమంది? అప్పుడు వాళ్ళ వయసెంత?
2. అండాశయాలు ఉన్నాయో తీశారో వాళ్ళకి తెలుసా? చీటీలో ఏముందో చదివి చూడండి.
3. మీ ఇంట్లో ముట్టు ఆగిన ఆడవాళ్ళకి బీపీ చూపించి ఎన్నాళ్ళయింది?