మూత్రపరీక్ష శిక్షకు కాదు, చికిత్సకే

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మూత్రపరీక్ష గురించి మాట్లాడతానంటే మీలో చాలామంది షుగరు గురించే అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది వేరు. హెరాయిన్ వంటి మత్తుమందులకు అలవాటుపడి, చికిత్స పొందుతున్నవారికి చేసే మూత్రపరీక్ష గురించి. ముప్పై ఏళ్ళకు పైగా ఆసుపత్రి లేబరేటరీలో పనిచేసి రిటైరయినవాణ్ణి కనుక నాకీ విషయం అప్పగించారు. "మా ఇళ్ళలో అలాంటివాళ్ళు లేరు" అంటారా, చాలా సంతోషం. ఉన్న ఇళ్ళలో మాత్రం ఆ సంగతి పక్కింటివారికి కూడా తెలియనివ్వరు.

అలాంటి ఇంటినుంచే ఒక మిత్రుడు నా దగ్గరకు వచ్చారు. పేరు, ఊరు చెప్పను. ఉద్యోగం కోసం దూరం వెళ్ళిన మనవడు అక్కడ హెరాయిన్ మరిగాడు. ఇంటికి తీసుకువచ్చి చికిత్స మొదలుపెట్టించారు. డాక్టరుగారు రోజూ నాలుక కింద ఉంచుకునే బుప్రెనార్ఫిన్ బిళ్ళలు రాశారు. కుర్రవాడు కాస్త తేరుకున్నాడు. అయినా తాతగారికి అనుమానం తీరలేదు. తానే ఒక లేబరేటరీకి తీసుకువెళ్ళి మూత్రపరీక్ష చేయించారు. "ఓపియేట్లు నెగటివ్" అని రిపోర్టు వచ్చింది. 'డాక్టరు ఇచ్చినదీ ఆ జాతి మందే కదా, అదికూడా కనబడలేదంటే వీడు బిళ్ళలు వేసుకోకుండా అమ్ముకుంటున్నాడు' అని తీర్మానించుకున్నారు. బిళ్ళలు కొనడం మానేశారు. కుర్రవాడు ఇల్లు విడిచి పోయాడు.

ఆ కాగితం పట్టుకుని ఆయన నా దగ్గరకు వచ్చారు. చూశాను. రిపోర్టులో తప్పులేదు, చదవడంలోనే తప్పు జరిగింది. ఆ పరీక్ష ముఖ్యంగా మార్ఫిన్ ను పట్టుకోవడానికి తయారుచేసినది. బుప్రెనార్ఫిన్ అందులో కనబడదు. మెథడోన్ కూడా కనబడదు. వాటికి వేరే పరీక్షలున్నాయి. కుర్రవాడు బిళ్ళ వేసుకున్నాడో లేదో ఆ కాగితం చెప్పలేదు. గడచిన రెండు మూడు రోజుల్లో అతను హెరాయిన్ జోలికి పోలేదని మాత్రం చాలావరకు చెబుతోంది. తాతగారు మనవణ్ణి మెచ్చుకోవలసిన కాగితం అది!

"మత్తు మాన్పించడానికి మళ్ళీ ఆ జాతి మందేనా?" అని మీరడగవచ్చు. ఈ పద్ధతికి దారిచూపినవారు న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన డాక్టర్ విన్సెంట్ డోల్, డాక్టర్ మేరీ నైస్వాండర్. 22 మంది రోగులకు మెథడోన్ ఇచ్చి, ఆ ఫలితాలను 1965లో ప్రకటించారు. హెరాయిన్ ప్రభావం కొన్ని గంటలే. అది దిగగానే ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు మొదలై మనిషి మళ్ళీ మందుకోసం పరుగెడతాడు. మెథడోన్ సరిపడా డోసులో ఒక్కసారి పుచ్చుకుంటే రోజంతా ఆ బాధ ఉండదు. మనిషి పనికి వెళ్ళగలడు, నలుగురిలో తిరగగలడు. మనం రోజూ బి.పి. బిళ్ళ వేసుకోవడం లేదా? ఇదీ అలాంటిదే. మెథడోన్, బుప్రెనార్ఫిన్ రెండింటినీ ప్రపంచ ఆరోగ్యసంస్థ 2005లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

చికిత్స జరుగుతుండగా మధ్యమధ్య మూత్రపరీక్ష ఎందుకంటే, ఇచ్చిన మందు పుచ్చుకుంటున్నాడా, బయటి మందు కూడా వాడుతున్నాడా అని తెలుసుకోవడానికి. అమెరికాలో ఇలాంటి చికిత్సా కేంద్రాలు ఏడాదికి కనీసం ఎనిమిదిసార్లు, ముందుగా చెప్పకుండా ఈ పరీక్ష చేయాలని నిబంధన ఉంది. మోసాలు జరగకపోవు. అందుకే సీసా అందుకున్న వెంటనే వేడి చూస్తారు. 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య లేకపోతే అనుమానించవలసిందే. నీళ్ళు కలిపారేమోనని క్రియాటినిన్ చూస్తారు. కొందరు మెథడోన్ తాగకుండా దాచి, నాలుగు చుక్కలు సీసాలో కలుపుతారు. అయితే మెథడోన్ మన ఒంట్లోనుంచి వస్తే దానితోపాటు ఇ.డి.డి.పి. అనే పదార్థం కూడా మూత్రంలో ఉంటుంది. సీసాలో కలిపితే అది ఉండదు. దొంగ అక్కడ దొరికిపోతాడు!

కాని దొంగకాని వాడు కూడా ఒక్కొక్కసారి దొరికిపోతాడు. ఇది మన అమ్మలు, అక్కలు వినవలసిన సంగతి. కూరలో నూరివేసే గసగసాలు నల్లమందు మొక్క విత్తనాలే. వాటిలో కాస్త మార్ఫిన్ అంటుకుని ఉంటుంది. గసగసాలు బాగా వేసిన కూర తిన్నవాడి మూత్రంలో మార్ఫిన్ కనబడవచ్చు. ఈ చిక్కువల్లనే అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులకు చేసే పరీక్షలో హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. బజారులో దొరికే కొన్ని పరీక్ష పట్టీల్లో మాత్రం పాత 300 హద్దే ఉంటుంది. కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా పాజిటివ్ రావచ్చు. కనుక పట్టీ మీద గీతను చూసి తీర్పు చెప్పకూడదు. గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో నిర్ధారణ పరీక్ష చేయించాలి. హెరాయిన్ వాడినవారిలో మాత్రమే కనబడే ఎసిటైల్ మార్ఫిన్ అనే పదార్థం అందులో బయటపడుతుంది. అదికూడా ఒక రోజులోపే కనబడకుండా పోతుంది.

సరే, నిర్ధారణలో కూడా పాజిటివే వచ్చిందనుకుందాం. అప్పుడేం చేయాలి? అసలు ప్రశ్న ఇదే. మనకు షుగరు పెరిగిందని తెలిస్తే డాక్టరు మనల్ని ఆసుపత్రినుంచి గెంటివేస్తారా? డోసు సరిచేస్తారు, ఏం తింటున్నారని అడుగుతారు. ఇక్కడా చేయవలసింది అదే. డోసు చాలడం లేదేమో, పాత స్నేహితులు మళ్ళీ కలిశారేమో, ఇంట్లో ఏదైనా గొడవేమో కనుక్కోవాలి. పరీక్ష బాగున్నవారికి మందు ఇంటికి తీసుకువెళ్ళే వీలు కల్పిస్తే మంచి ఫలితాలు వస్తాయని బాల్టిమోర్ లోని జాన్స్ హాప్కిన్స్ లో మాక్సిన్ స్టిట్జర్, ఆమె సహచరులు చేసిన పరిశోధనల్లో తేలింది.

మందు ఆపివేయడం ఎంత ప్రమాదమో అంకెల్లో చెబుతాను. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో ఒక వ్యాసం వచ్చింది. మెథడోన్ చికిత్సలో ఉన్న వెయ్యిమందిలో ఏడాదికి సుమారు 11 మంది మరణిస్తే, చికిత్స వదిలినవారిలో సుమారు 36 మంది మరణించారు. చికిత్స మానిన తొలి వారాల్లో ప్రమాదం మరీ ఎక్కువ. ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. మనిషి మాత్రం పాత డోసే పుచ్చుకుంటాడు. ఊపిరి ఆగిపోతుంది.

మా మిత్రుడి మనవడు పదకొండో రోజున దొరికాడు, ప్రాణాలతో. ఆ పదకొండు రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఇప్పుడు మళ్ళీ ఆ డాక్టరుగారి దగ్గరే మందు పుచ్చుకుంటున్నాడు. తాతగారు ఇప్పుడు పరీక్షలు చేయించడం లేదు. రిపోర్టు వస్తే దాన్ని చదివే పని డాక్టరుగారికే వదిలి, తాను మనవణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళివస్తున్నారు.

నా మనవి ఇంతే. ఇలాంటి రిపోర్టు ఎప్పుడైనా మీ చేతికి వస్తే పిల్లవాణ్ణి నిలదీయకండి. ఏ మందుకు పరీక్ష చేశారు, హద్దు ఎంత పెట్టారు, నిర్ధారణ జరిగిందా అని లేబరేటరీవారిని అడగండి. ఆ కాగితం తీసుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. ఏమి తేలినా ఆయన చెప్పకుండా మందు మాత్రం ఆపకండి.