బడి గేటు దగ్గర ఎవరిని ఆపాలి?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడుల్లో జంక్ ఫుడ్ అమ్మకాలను ప్రభుత్వం కట్టడి చేయాలా వద్దా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. చేయాలనే నా అభిప్రాయం. అయితే ఆ కట్టడి ఎవరి మీద పడాలో తేల్చుకోకుండా నిషేధం కోరితే, దాని బరువు మళ్ళీ ఆడవాళ్ళే మోయాల్సి వస్తుంది.

ముందు నిబంధనల సంగతి. ఈ అమ్మకాలను ఆపాలంటూ 2010లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2015లో కోర్టు మార్గదర్శకాలను అమలు చేయమంది. చివరికి 2020లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన పదార్థాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు. అక్కడ వాటికి ప్రచారం చేయకూడదు. పుస్తకాల అట్టల మీద, బడి సామాన్ల మీద ఆ కంపెనీల పేర్లూ గుర్తులూ ఉండకూడదు. ఈ సంగతి మన గ్రామాల్లో, బస్తీల్లో ఎంతమంది తల్లులకు తెలుసు?

"పిల్లలు ఏం తినాలో తల్లి చూసుకుంటుంది, మధ్యలో ప్రభుత్వం ఎందుకు?" అని అడిగేవాళ్ళున్నారు. పైకి ఇది తల్లిని గౌరవించే మాటలాగే ఉంటుంది. నిజానికి బాధ్యతంతా తల్లి నెత్తిన రుద్ది కంపెనీని తప్పించే మాట ఇది. తెల్లవారకముందే కూలికో, పాచిపనికో పోయే తల్లి పిల్ల చేతిలో 5 రూపాయల బిళ్ళ పెట్టి వెళ్తుంది. సరిగ్గా ఆ బిళ్ళకు వచ్చేటట్టే చిప్స్ పాకెట్ తయారవుతుంది. ఇందులో ఆ తల్లి ఎంచుకున్నది ఎంత?

ఇది డబ్బున్న పిల్లల సమస్య అన్నది మరో వాదన. 2016-18లో జరిగిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ళవాళ్ళలో 24 శాతం బక్కచిక్కి ఉన్నారని, 5 శాతం అధిక బరువుతో ఉన్నారని తేలింది. ఆ వయసు మగపిల్లల్లో 18 శాతానికి రక్తహీనత ఉంటే, ఆడపిల్లల్లో 40 శాతానికి ఉంది. అంటే మన దగ్గర ఈ పాకెట్ చాలాసార్లు ఆకలిని మరిపించడానికి పనికొస్తోంది. గుడ్డూ పాలూ ముందు కొడుక్కి పెట్టే ఇళ్ళల్లో ఆడపిల్ల మీద ఈ దెబ్బ రెండింతలు.

ఇక అమలు తీరు చూద్దాం. నిషేధం అనగానే సిబ్బంది మొదట వెళ్ళేది గేటు బయట బుట్ట పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి దగ్గరికే. జామకాయలు, రేగుపళ్ళు, ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ఆమెకు ఈ నిబంధన వర్తించదు. పైగా సర్వే చేసి ధ్రువపత్రం ఇచ్చేదాకా వీధి వ్యాపారులను తొలగించకూడదని 2014 చట్టం చెబుతోంది. ఆమెను వెళ్ళగొట్టి, లోపలి క్యాంటీన్‌లో వేలాడే పాకెట్ల దండల జోలికి పోకపోతే ఆ కట్టడి ఎవరి కోసం?

పాకెట్ తీసేసిన చోట ఏం పెడతారన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. బడిలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఆ పథకం మొదలైనప్పుడు వంట బాధ్యత చాలాచోట్ల డ్వాక్రా మహిళలే తీసుకున్నారు. 2008 ప్రాంతంలో ఈ భోజనం బదులు బిస్కెట్ పాకెట్లు పంచమని తయారీదారుల సంఘం పార్లమెంటు సభ్యుల ద్వారా ఒత్తిడి తెచ్చింది. రాష్ట్రాలూ, ఆహార హక్కు ఉద్యమమూ వ్యతిరేకించబట్టి వేడి అన్నం నిలబడింది. కానీ ఆ అన్నం వండే స్త్రీకి 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవవేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదిలో 10 నెలలకే. రాష్ట్రాలు కొంత కలిపి ఇచ్చినా, చేస్తున్న పనికి అది జీతం కాదు. బిల్లులు ఆలస్యమైతే ఆమె అప్పు తెచ్చి వండాలి. అన్నం పలచబడితే పిల్లలు మళ్ళీ పాకెట్ వైపే చూస్తారు.

కాబట్టి కట్టడితో పాటు మనం అడగాల్సినవి ఉన్నాయి. తమిళనాడు 2022లో ప్రాథమిక బడుల్లో ఉదయం ఫలహారం మొదలుపెట్టింది. ఖాళీ కడుపుతో బడికొచ్చే పిల్లలకు ఇక్కడా అది కావాలి. వంట చేసే స్త్రీలకు కనీస వేతనం కావాలి. 50 మీటర్ల నిబంధన కంపెనీ సరుకు మీద, క్యాంటీన్ కాంట్రాక్టు మీద అమలు కావాలి. పండ్లూ పల్లీలూ అమ్మే స్త్రీకి గేటు దగ్గరే చోటు చూపించాలి.

ఈ నెల బడి కమిటీ సమావేశానికి వెళ్ళే సభ్యులు 2020 నిబంధనల ప్రతి వెంట తీసుకెళ్ళండి. క్యాంటీన్ ఎవరిది, అందులో ఏం అమ్ముతున్నారు, వంట చేసేవాళ్ళకు ఎన్ని నెలల బాకీ ఉంది అన్న మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు మినిట్స్‌లో రాయించండి. మన పోరాటం అక్కడి నుంచే మొదలవుతుంది.