తొమ్మిది ఎనిమిదైన వైనం



ఈ సభలోని పెద్దలు గ్రహాలు తొమ్మిదని వల్లించినవారు. మనుమలు ఎనిమిదని అప్పజెబుతున్నారు. ఇంటింటా తగవు! నిజానికి ఆకాశంలో ఏదీ రాలిపోలేదు. మారినది గ్రహమనే మాటకు నిర్వచనం మాత్రమే. (పూజలందుకొనే నవగ్రహాల లెక్క వేరు. అందులో సూర్యచంద్రులు, రాహుకేతువులు ఉన్నారు, భూమి లేదు.)

ఇటువంటి తొలగింపు లోగడ ఒకటి జరిగింది. 1801 జనవరి 1న సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో పియాజీ అనే ఖగోళజ్ఞుడు కుజ, గురుగ్రహాల నడుమ సిరీస్‌ను కనుగొన్నాడు. దానిని గ్రహమనే పిలిచారు. 1807 నాటికి ఆ ప్రాంతంలోనే మరి మూడు, ఆ శతాబ్ది మధ్యకాలం నుండి అనేకం బయటపడగా, అన్నిటినీ గ్రహశకలాల పట్టీలోకి మార్చారు.

1930లో అమెరికాలోని లోవెల్ వేధశాలలో క్లైడ్ టాంబో కనుగొన్న ప్లూటోది కూడా ఇంచుమించు అదే కథ. తొలుత దానిని భూమియంతటిదని అంచనా వేశారు. 1978లో దాని ఉపగ్రహం షారన్ కనబడింది. ఉపగ్రహం ఎంత దూరాన, ఎంత కాలానికి ఒక చుట్టు తిరుగుతుందో తెలిస్తే నడిమి గోళపు ద్రవ్యరాశి లెక్కకు అందుతుంది. తీరా చూస్తే ప్లూటో చంద్రునిలో ఆరవవంతు! 1992 నుండి ఆ పరిసరాలలోనే వందలాది ఖండాలు దొరికాయి. 2005లో ప్రకటితమైన ఎరిస్ ప్లూటోకన్న బరువైనదని తరువాత తేలింది.

2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మూడు నియమాలు ఏర్పరచింది. గ్రహం సూర్యుని చుట్టూ తిరగాలి. స్వీయ గురుత్వంచేత దాదాపు గుండ్రంగా రూపొందాలి. తన కక్ష్యా పరిసరాలను శుభ్రపరచుకోవాలి. ఉపగ్రహం కాకుండా, మొదటి రెండు లక్షణాలుండి మూడవది లోపించినది మరుగుజ్జు గ్రహం.

చిక్కంతా మూడవ నియమంలోనే ఉంది. పరిమాణం ఇక్కడ కొలబద్ద కాదు. బుధుడు గురుగ్రహపు ఉపగ్రహమైన గనిమీడ్ కన్న చిన్నవాడు. గ్రహమైనది తన దారిలోని శకలాలను కొన్నిటిని తనలో కలుపుకొని, కొన్నిటిని దూరంగా విసరివేసి, మిగిలినవాటిని అదుపులో ఉంచుకుంటుంది. స్టీవెన్ సోటర్ గణన ప్రకారం భూమి తన మార్గంలో మిగిలిన పదార్థమంతటికన్న సుమారు 17 లక్షల రెట్లు బరువు. ప్లూటో తన పరిసర పదార్థంలో పదవవంతైనా లేదు. పైగా అది నెప్ట్యూన్ అదుపులో ఉంది. నెప్ట్యూన్ సూర్యుని మూడుమార్లు చుట్టేలోగా ప్లూటో సరిగా రెండుమార్లు చుడుతుంది. కనుకనే అది కొంతకాలం నెప్ట్యూన్ కన్న సూర్యునికి చేరువగా వచ్చినా రెండూ ఢీకొనవు.

ప్లూటోకు న్యూ హొరైజన్స్ నౌకను పంపిన బృందానికి నాయకుడైన ఆలన్ స్టెర్న్ ఈ తీర్పును ఒప్పుకోలేదు. శుభ్రపరచడమంటే ఎంతమేరకో తీర్మానంలో చెప్పలేదన్న ఆక్షేపణలో పస లేకపోలేదు. అయితే సోటర్ పట్టికలో ఎనిమిది గ్రహాల అంకెలూ వేలకు తగ్గలేదు. సిరీస్, ప్లూటో, ఎరిస్‌లలో ఏదీ ఒకటికైనా చేరలేదు. ఆ మధ్యనున్న అగాధం ఓటుతో పుట్టినది కాదు.

ఆనాడు పట్టీ మారిన సిరీస్ 2006లో మరుగుజ్జు గ్రహాలలో చేరింది. 2008లో మకెమకె, హౌమియా తోడయ్యాయి. 2015లో సిరీస్‌ను డాన్ నౌక, ప్లూటోను న్యూ హొరైజన్స్ దగ్గరనుండి చూశాయి. ప్లూటోపై గడ్డకట్టిన నత్రజని మైదానాలు, వాటి అంచున నీటిమంచు పర్వతాలు ఆ ఛాయాచిత్రాలలో కానవచ్చాయి.